ఇంగ్లిష్ కంటే స్పానిష్‌కే రేటెక్కువ: అమెరికా స్పోర్ట్స్ టీవీలో ఒక వింత లెక్క

2010, 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లను అమెరికాలో ఇంగ్లిష్‌లో చూపించడానికి ఏబీసీ, ఈఎస్‌పీఎన్ కలిసి ఫిఫాకు 10 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అవే మ్యాచ్‌లను అదే అమెరికాలో స్పానిష్‌లో చూపించడానికి యూనివిజన్ ఒప్పుకున్న మొత్తం 32.5 కోట్ల డాలర్లు. 2005లో కుదిరిన ఒప్పందాలివి. కెమెరాలు ఒకటే, బొమ్మ ఒకటే, స్కోరు ఒకటే. మారేదల్లా కామెంటరీ చెప్పే గొంతు. ఇంగ్లిష్ మాట్లాడే దేశంలో ఇంగ్లిష్‌కు మూడు రెట్ల ధర పెట్టి స్పానిష్‌ను కొన్నారంటే, కొన్నవాళ్ళకు లెక్కలు రావనుకోవడం పొరపాటు. 2011లో మళ్ళీ అదే జరిగింది. 2018, 2022 కప్‌లకు ఫాక్స్ ఇంగ్లిష్ హక్కులు తీసుకుంటూ 40 కోట్ల డాలర్లకు కాస్త పైన పెడితే, స్పానిష్ హక్కులకు టెలిముండో దాదాపు 60 కోట్లు పెట్టింది.

అమెరికా అంటే మన వాళ్ళకు గుర్తొచ్చే ఆటలు వేరు. సూపర్ బౌల్, ఎన్‌బీఏ, బేస్‌బాల్. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. కాలితో ఆడే ఆటను సాకర్ అని పక్కన పెడతారు. ఆ పక్కన పెట్టిన ఆటను దశాబ్దాల పాటు డబ్బు పెట్టి, పనులు మానుకుని, అర్ధరాత్రి లేచి చూసినవాళ్ళలో ఎక్కువ మంది స్పానిష్ ఇళ్ళవాళ్ళు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు, 6.2 కోట్లు, అంటే దాదాపు 19 శాతం. వాళ్ళలో ఇంచుమించు అయిదుగురిలో ముగ్గురి మూలాలు మెక్సికోలో ఉన్నాయి. ఈ రెండో సంఖ్య గుర్తుంచుకోండి. స్పానిష్ స్పోర్ట్స్ టీవీ వ్యాపారమంతా దాని మీదే నిలబడింది.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. ఒకే దేశంలో ఒకే మ్యాచ్‌ను భాషను బట్టి ముక్కలు చేసి ఇద్దరికి అమ్మడం మనకు కొత్తగా ఉంటుంది. ఐపీఎల్‌నే తీసుకోండి. 2023 నుంచి 2027 వరకు భారత్‌లో టీవీ హక్కులు డిస్నీ స్టార్‌కు 23,575 కోట్ల రూపాయలకు, డిజిటల్ హక్కులు వయాకామ్18కు 20,500 కోట్లకు వెళ్ళాయి. బీసీసీఐ గీత గీసింది టీవీకీ ఫోన్‌కీ మధ్య. తెలుగు కామెంటరీ ఎవరివ్వాలి, తమిళం ఎవరివ్వాలి అన్నది కొన్నవాళ్ళ ఇష్టం. తెలుగు హక్కులు అని విడిగా వేలం పెట్టలేదు. అమెరికాలో ఫిఫా గీసిన గీత ఇంగ్లిష్‌కీ స్పానిష్‌కీ మధ్య. ఇంగ్లిష్ హక్కులున్న ఛానెల్ ఆ మ్యాచ్‌ను స్పానిష్‌లో చూపడానికి వీల్లేదు, స్పానిష్ వాళ్ళు ఇంగ్లిష్ జోలికి పోకూడదు. ఒకే బొమ్మకు ఇద్దరు యజమానులు. యూరప్ చాంపియన్స్ లీగ్ అమెరికా హక్కులూ ఇలాగే నడుస్తున్నాయి: ఇంగ్లిష్‌లో టర్నర్ పోయి సీబీఎస్ వచ్చినా స్పానిష్ హక్కులు 2018 నుంచీ యూనివిజన్ దగ్గరే ఉన్నాయి. 2024 కోపా అమెరికా కూడా అంతే, ఇంగ్లిష్ ఫాక్స్‌కు, స్పానిష్ యూనివిజన్‌కు.

ఈ ఏర్పాటు ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. స్పానిష్ టీవీ అమెరికాలో పుట్టిన తీరులోనే దాని మూలం ఉంది.

టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో 1955లో రౌల్ కోర్టెస్ పెట్టిన కేసీఓఆర్ స్టేషన్‌తో కథ మొదలవుతుంది. కొన్నేళ్ళకే అది చేతులు మారింది. కొన్న బృందంలో ఉన్నవాడు మెక్సికో టీవీ సామ్రాజ్యానికి అధిపతి ఎమిలియో అస్కార్రాగా. మెక్సికోలో ఎలాగూ తీస్తున్న సీరియళ్ళను, ఆటలను సరిహద్దు దాటించి అమెరికాలో ఉన్న మెక్సికన్లకు చూపిస్తే ఖర్చు లేకుండా రెండో మార్కెట్ వస్తుందన్నది ఆయన లెక్క. 1962లో లాస్ ఏంజెలెస్ స్టేషన్‌ను కూడా కలుపుకుని స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్, పొట్టిగా ఎస్‌ఐఎన్, మొదలైంది. అమెరికా చట్టం ప్రకారం ప్రసార లైసెన్సులో విదేశీయుల వాటా 20 శాతం దాటకూడదు. కాగితం మీద అమెరికన్ భాగస్వాములుండేవాళ్ళు, కార్యక్రమాలన్నీ మెక్సికో నుంచి వచ్చేవి. అసలు పెత్తనం ఎవరిదన్న గొడవ ముదిరి 1986లో స్టేషన్లను అమ్మేయాల్సి వచ్చింది. కొన్నది గ్రీటింగ్ కార్డుల కంపెనీ హాల్‌మార్క్. 1987లో యూనివిజన్ అని పేరు మార్చారు. తర్వాత అది చేతులు మారుతూ మారుతూ 2022లో అస్కార్రాగా సామ్రాజ్యమే అయిన మెక్సికో టెలివీసాతో కలిసిపోయి టెలివీసాయూనివిజన్ అయింది. అంటే అరవై ఏళ్ళ తర్వాత బండి బయల్దేరిన ఊరికే వచ్చింది.

పోటీదారు టెలిముండో పేరు ప్యూర్టో రికోలో 1954లో మొదలైన స్టేషన్ నుంచి వచ్చింది. అమెరికా నెట్‌వర్క్‌గా 1987లో నిలబడింది, 2002లో ఎన్‌బీసీ కొనేసింది. ఈ తేడా ముఖ్యం. యూనివిజన్‌కు మెక్సికోలో అన్న ఉన్నాడు, టెలిముండోకు న్యూయార్క్‌లో డబ్బున్న మేనమామ ఉన్నాడు. ఒకరికి మెక్సికన్ లీగ్ మ్యాచ్‌లు ఇంటి సరుకు. మరొకరు ఒలింపిక్స్, ప్రీమియర్ లీగ్ లాంటివి ఎన్‌బీసీ కొంటే స్పానిష్ వాటా తీసుకుంటారు. 2004 ఏథెన్స్ నుంచి ఒలింపిక్స్ టెలిముండోలో రావడం అలా మొదలైందే.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం.

2002 కొరియా-జపాన్ ప్రపంచ కప్ నాటికి పరిస్థితి ఎంత విడ్డూరంగా ఉండేదంటే, 2002, 2006 కప్‌ల స్పానిష్ హక్కులకు యూనివిజన్ 15 కోట్ల డాలర్లు పెట్టింది. ఇంగ్లిష్ హక్కులకు మాత్రం సరైన ధర ఇచ్చే ఛానెల్ దొరకలేదు. మ్యాచ్‌లు అమెరికాలో అర్ధరాత్రి, తెల్లవారుజామున వస్తాయి. ఎవరు చూస్తారు, ఎవరు యాడ్స్ ఇస్తారు అన్నది ఛానెళ్ళ భయం. చివరికి మేజర్ లీగ్ సాకర్, అంటే ఎమ్‌ఎల్‌ఎస్ జట్ల యజమానులు సాకర్ యునైటెడ్ మార్కెటింగ్ అనే కంపెనీ పెట్టి, ఇంగ్లిష్ హక్కులు తామే కొని, ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌లలో ప్రసారం చేయించారు. సొంత దేశంలో ప్రపంచ కప్ ఇంగ్లిష్‌లో కనిపించకపోతే తమ లీగ్‌కు పుట్టగతులుండవని వాళ్ళకు తెలుసు. ఆ కప్‌లో ప్రీక్వార్టర్ ఫైనల్లో అమెరికా, మెక్సికో ఎదురుపడ్డాయి. అమెరికా 2-0తో గెలిచింది. తూర్పు తీరంలో అప్పుడు టైమ్ రాత్రి రెండున్నర.

ఆ కంపెనీ తర్వాత చేసిన పని ఇంకా తెలివైనది. మెక్సికో జాతీయ జట్టు అమెరికాలో ఆడే మ్యాచ్‌ల మార్కెటింగ్ హక్కులు తీసుకుంది. మెక్స్‌టూర్ పేరుతో ఏటా ఆ జట్టు లాస్ ఏంజెలెస్, డాలస్, హ్యూస్టన్ లాంటి ఊళ్ళలో ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడుతుంది. మెక్సికో తన సొంత గడ్డ మీద ఆడే ఫ్రెండ్లీల కంటే అమెరికాలో ఆడేవే ఎక్కువ. పాయింట్లు లేని, కప్పు లేని మ్యాచ్‌లు. అయినా పెద్ద పెద్ద స్టేడియాలు ఆకుపచ్చ జెర్సీలతో నిండిపోతాయి. టికెట్ డాలర్లలో, యాడ్ డాలర్లలో, టీవీ హక్కులు డాలర్లలో. మెక్సికో నుంచి చాలా మంది అభిమానులు దీని మీద ఏళ్ళ తరబడి గొణుగుతూనే ఉన్నారు. జట్టు ఆట పెరగాలంటే యూరప్ వెళ్ళి గట్టి జట్లతో ఆడాలి గానీ, టెక్సస్‌లో వసూళ్ళ కోసం ఆడటమేంటని. ఆ గొణుగుడులో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. కానీ ఒక అమెరికన్ లీగ్ యజమానులు తమ పొరుగు ప్రత్యర్థి జట్టును అమ్మి బతకడంలో ఉన్న విచిత్రం చూడండి. అమెరికా సాకర్ లేచి నిలబడటానికి మెక్సికో అభిమానం ఊతమైంది.

ఈ ఆధారపడటం ఎంత లోతుగా ఉందో 2013 అక్టోబరు 15 రాత్రి బయటపడింది. 2014 బ్రెజిల్ కప్‌కు క్వాలిఫయింగ్ ఆఖరి రోజు. మెక్సికో కోస్టారికాలో 2-1తో ఓడిపోతోంది. పక్కన పనామాలో అమెరికా కూడా 2-1తో వెనకబడి ఉంది. రెండు స్కోర్లూ అలాగే ఉంటే మెక్సికో ఇంటికి, పనామా ప్లే ఆఫ్‌కు. అమెరికా అప్పటికే అర్హత సాధించేసింది. ఆ మ్యాచ్‌లో దానికి పోయేదేమీ లేదు. 90 నిమిషాలు దాటాక గ్రాహమ్ జూసీ ఒకటి, ఆరన్ యోహాన్సన్ ఇంకొకటి కొట్టారు. అమెరికా 3-2. మెక్సికో బతికిపోయి ప్లే ఆఫ్‌లో న్యూజీలాండ్‌ను ఓడించి బ్రెజిల్ వెళ్ళింది. మెక్సికో టీవీ అస్తెకాలో కామెంటేటర్ క్రిస్టియన్ మార్టినోలి ఆ నిమిషాన తమ జట్టును తిట్టిన తిట్లు, మధ్యలో ఇంగ్లిష్‌లోకి దూకి అమెరికాకు చెప్పిన ప్రేమ కబుర్లు ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతూనే ఉంటాయి. అభిమానులకది పరువు సమస్య. యూనివిజన్‌కు మాత్రం కోట్ల డాలర్ల సమస్య. 32.5 కోట్లు పెట్టి కొన్న రెండు కప్‌లలో రెండోది మెక్సికో లేకుండా నడిస్తే ఏమయ్యేదో ఊహించుకోండి.

అలాంటి కప్ ఒకటి నిజంగానే నడిచింది. 1988లో కుర్రాళ్ళ టోర్నీలో వయసు దాటినవాళ్ళను ఆడించినందుకు మెక్సికోను ఫిఫా నిషేధించింది. 1990 ఇటలీ కప్‌లో మెక్సికో లేదు. యూనివిజన్ ఆ కప్‌ను చూపించింది, పోటీ ఇప్పుడున్నంత లేదు, ధరలు ఇప్పుడున్నంత కావు కాబట్టి తట్టుకుంది. 1994 నుంచి 2018 వరకు ఏడు కప్‌లలో మెక్సికో ప్రతిసారీ గ్రూప్ దాటింది, ప్రతిసారీ ప్రీక్వార్టర్స్‌లో ఓడింది. ఐదో మ్యాచ్ ఎప్పుడు ఆడతాం అన్నది అక్కడ జాతీయ బెంగ. టీవీ వాళ్ళ కోణంలో మాత్రం అది నాలుగు మ్యాచ్‌ల గ్యారంటీ. 2018 సంగతి మరీ తమాషా. ట్రినిడాడ్ చేతిలో ఓడి అమెరికా ఆ కప్‌కే వెళ్ళలేదు. 40 కోట్లు పెట్టిన ఫాక్స్ తల పట్టుకుంది. టెలిముండోలో మాత్రం మెక్సికో తొలి మ్యాచ్‌లోనే డిఫెండింగ్ చాంపియన్ జర్మనీని ఓడించింది. హిర్వింగ్ లొసానో కొట్టిన ఆ ఒక్క గోలు ఎన్ని యాడ్‌లకు సమాధానం చెప్పిందో వాళ్ళ అకౌంటెంట్లకే తెలియాలి.

ప్రపంచ కప్ నాలుగేళ్ళకోసారి వస్తుంది. మధ్యలో ఛానెల్ నడవాలంటే వారం వారం సరుకు కావాలి. ఆ సరుకు మెక్సికో లీగ్, లిగా ఎమ్‌ఎక్స్. అమెరికాలో అందరికంటే ఎక్కువ మంది చూసే ఫుట్‌బాల్ లీగ్ ప్రీమియర్ లీగ్ అని చాలా మంది అనుకుంటారు. అది లిగా ఎమ్‌ఎక్స్. మన దగ్గర ఇంగ్లిష్ పేపర్లలో అమెరికా సాకర్ గురించి రాసేవాళ్ళు దీన్ని దాదాపుగా పట్టించుకోరు. ఎందుకంటే వాళ్ళు చూసేది ఇంగ్లిష్ సగాన్నే.

ఈ లీగ్ హక్కుల పద్ధతి ఒక చిక్కుముడి. లీగ్ మొత్తాన్ని కలిపి ఎవరూ అమ్మరు. ఏ క్లబ్ సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌ల హక్కులు ఆ క్లబ్‌వే. దాంతో ఒక్కో క్లబ్ ఒక్కో ఛానెల్‌తో బేరం పెట్టుకుంటుంది. పేరు అలా ఉన్నా మెక్సికో జట్టే అయిన క్లబ్ అమెరికా ఏళ్ళ తరబడి టెలివీసా సొంత ఆస్తి, కాబట్టి దాని మ్యాచ్‌లు యూనివిజన్‌లో. దాని బద్ధ శత్రువు, మెక్సికన్ ఆటగాళ్ళను తప్ప ఇతరులను తీసుకోని గ్వాదలహారా చీవాస్, కొన్ని సీజన్ల పాటు టెలిముండోకు వెళ్ళింది. ఇంకొన్ని క్లబ్బులు ఫాక్స్ స్పానిష్ ఛానెల్‌కు. ఒక అభిమాని తన జట్టు మ్యాచ్‌లన్నీ చూడాలంటే ఆ జట్టు ఏ ఊళ్ళో ఆడుతోందో చూసి ఛానెల్ వెతుక్కోవాలి. ఏడాదికి రెండు టోర్నీలు, అపెర్తురా, క్లౌసురా. రెండింటికీ చివర నాకౌట్, రెండు ఫైనల్స్. యాడ్ అమ్మేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి. చూసేవాళ్ళకే తలనొప్పి. స్పానిష్ కేబుల్ ఛానెళ్ళు ఇన్ని పుట్టడానికి ఇదొక కారణం: ఈఎస్‌పీఎన్ స్పానిష్ ఛానెల్ 2004లో, యూనివిజన్ స్పోర్ట్స్ ఛానెల్ 2012లో వచ్చాయి. ఆ రెండోదాన్ని 2019లో టీయూడీఎన్ అని మార్చారు.

ఇంత డబ్బు వెనక గొంతు కూడా ఉంది. ఆండ్రెస్ కాంటోర్ బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి, కుర్రాడిగా అమెరికా వచ్చినవాడు. గోల్ పడగానే గోల్ అనే ఒక్క మాటను ఊపిరి అయిపోయేదాకా లాగడం దక్షిణ అమెరికా రేడియోలో పాత అలవాటే. ఆయన కనిపెట్టింది కాదు. కానీ 1994లో ప్రపంచ కప్ అమెరికాలోనే జరిగినప్పుడు, యూనివిజన్‌లో ఆయన అరుపు ఇంగ్లిష్ వాళ్ళ చెవిన పడింది. స్పానిష్ ముక్క రానివాళ్ళు కూడా ఛానెల్ మార్చి ఆయన్ని వినడం మొదలుపెట్టారు. లేట్ నైట్ షోలకు పిలిచారు, యాడ్స్‌లో పెట్టుకున్నారు. 2000లో టెలిముండోకు మారాడు. 2022 ఫైనల్లో అర్జెంటీనా గెలిచినప్పుడు మైకు ముందే ఏడ్చేశాడు. కామెంటేటర్ పక్షపాతం చూపకూడదన్న ఇంగ్లిష్ టీవీ మర్యాద అక్కడ పనిచేయదు. ప్రేక్షకుడు కోరేదే ఆ ఏడుపు. 2022 ఫైనల్‌ను అమెరికాలో ఫాక్స్‌లో దాదాపు 1.68 కోట్ల మంది చూస్తే, టెలిముండో, దాని స్ట్రీమింగ్ కలిపి 90 లక్షల మంది చూశారు. 2014 ఫైనల్లో ఏబీసీలో 1.73 కోట్లు, యూనివిజన్‌లో 92 లక్షలు. జనాభాలో అయిదో వంతుకు కొంచెం తక్కువ ఉన్నవాళ్ళ భాషలో, చూసినవాళ్ళు మూడో వంతు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగుంది. స్పానిష్‌లో చూసేవాళ్ళందరూ ఇంగ్లిష్ రాక చూడటం లేదు. ఆఫీసులో రోజంతా ఇంగ్లిష్ మాట్లాడి, ఇంటికొచ్చి నాన్నతో కలిసి స్పానిష్‌లో మ్యాచ్ చూసేవాళ్ళు లక్షల మంది. మెక్సికో, అర్జెంటీనా, కొలంబియా యాసలు వేరైనా ఆట మాత్రం ఆ భాషలోనే ఆటలా వినిపిస్తుందంటారు. ఇంకా ఒక మామూలు కారణం డబ్బు. యూనివిజన్, టెలిముండో గాల్లో వచ్చే ఛానెళ్ళు. పాతిక డాలర్ల యాంటెనా ఉంటే ఉచితం. ఫాక్స్ కొన్ని మ్యాచ్‌లను ఎఫ్‌ఎస్1 అనే కేబుల్ ఛానెల్‌కు పంపుతుంది, దానికి నెలనెలా బిల్లు కట్టాలి. 2022లో టెలిముండో 64 మ్యాచ్‌లనూ స్పానిష్‌లో పీకాక్ యాప్‌లో పెట్టింది, కేబుల్ బిల్లుతో పోలిస్తే దాని ఖరీదు నామమాత్రం. కేబుల్ లేని తెలుగు ఇళ్ళలో కూడా కప్ రోజుల్లో టెలిముండో మోగడానికి కారణం భాషాభిమానం కాదని వేరే చెప్పక్కర్లేదు.

బేస్‌బాల్ దారి వేరు. హిస్పానిక్ అని ఒక్క పేరు పెట్టేశారు గానీ, డొమినికన్లు, క్యూబన్లు, ప్యూర్టో రికన్లు, వెనెజ్వెలా వాళ్ళు పెరిగింది బేస్‌బాల్‌తో. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ స్టేడియం కట్టిన చావెజ్ రవీన్ నుంచి యాభయ్యో దశకంలో మెక్సికన్ కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ చేదు పోవడానికి చాలా కాలం పట్టింది. 1959లో ఆ జట్టు స్పానిష్ రేడియోలో చేరిన ఈక్వడార్ మనిషి హైమె హరీన్ 2022 దాకా మైకు వదల్లేదు. మొదట్లో బయటి ఊళ్ళ మ్యాచ్‌లకు వెళ్ళే బడ్జెట్ లేక, స్టూడియోలో కూర్చుని ఇంగ్లిష్ కామెంటరీ వింటూ స్పానిష్‌లో మళ్ళీ అల్లి చెప్పేవాడు. 1981లో మెక్సికోలోని సొనోరా పల్లె నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ పిచర్ (బంతి విసిరేవాడు) ఫెర్నాండో వాలెన్సూయెలా వరసగా తొలి ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి ఊరిని ఊపేశాడు. అతనికి ఇంగ్లిష్ రాదు. ప్రెస్‌మీట్లలో దుబాసీగా పక్కన కూర్చున్నది హరీనే. ఆ ఏడాది తర్వాత డాడ్జర్ స్టేడియం ముఖమే మారిపోయింది. రిటైరయ్యాక వాలెన్సూయెలా కూడా స్పానిష్ కామెంటరీకి వచ్చి, 2024లో చనిపోయే ఏడాది దాకా అందులోనే ఉన్నాడు.

కానీ బేస్‌బాల్‌లో ఈ అభిమానం పెద్ద టీవీ వ్యాపారం కాలేదు. అక్కడ హక్కులు ఊరూరికీ విడిపోయి ఉంటాయి, స్పానిష్ చాలా వరకు ఎస్‌ఏపీలో దూరింది. ఎనభయ్యో దశకంలో స్టీరియో టీవీతో పాటు వచ్చిన రెండో ఆడియో ట్రాక్ అది. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే భాష మారుతుంది, బొమ్మ అదే, యాడ్స్ అవే. ఇది ప్రేక్షకుడికి చాలు గానీ స్పానిష్ ఛానెల్‌కు చిల్లిగవ్వ రాదు. అమెరికన్ ఫుట్‌బాల్ చాన్నాళ్ళు ఇదే దారిలో నడిచింది. సూపర్ బౌల్‌కు విడిగా స్పానిష్ కేబుల్ ప్రసారం 2014లో ఫాక్స్ స్పానిష్ ఛానెల్‌తో మొదలైంది. యూనివిజన్‌లో రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. విడి ఛానెల్ అంటే విడి యాడ్స్, విడి రేటింగ్. తేడా అంతా అక్కడే.

రేటింగ్ అన్నాను కాబట్టి దాని గొడవ కూడా చెప్పాలి. నీల్సన్ సంస్థ కొన్ని వేల ఇళ్ళను శాంపిల్‌గా తీసుకుని దేశమంతా ఏం చూస్తోందో లెక్కగడుతుంది. ఆ ఇళ్ళలో స్పానిష్ మాట్లాడే ఇళ్ళు తక్కువుంటే స్పానిష్ ఛానెల్ రేటింగ్ పడిపోతుంది. ఎక్కువుంటే ఉబ్బిపోతుంది. మీ ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు అన్న అమాయకమైన ప్రశ్న మీద కోట్ల డాలర్ల యాడ్స్ ఆధారపడి ఉన్నాయి. తమను తక్కువగా లెక్కిస్తున్నారని మొత్తుకుని యూనివిజన్, టెలిముండో తమ డబ్బుతోనే 1992లో హిస్పానిక్ ఇళ్ళకు విడి శాంపిల్ పెట్టించుకున్నాయి. దాంతో సమస్య సగమే తీరింది. విడి పుస్తకంలో ఉన్నంత కాలం యూనివిజన్ పోల్చుకోగలిగింది టెలిముండోతోనే. ఏబీసీతో, ఫాక్స్‌తో పక్కపక్కన పెట్టి చూపించలేదు. 2005 ఆఖర్లో అది సాధారణ జాతీయ రేటింగుల్లోకి వచ్చాక గానీ, ఫలానా రాత్రి ఇంగ్లిష్ నెట్‌వర్కులను మించిపోయాం అని యాడ్ ఏజెన్సీల ముందు చెప్పుకోలేకపోయింది. రేడియోలో అయితే స్పానిష్ స్టేషన్లకు యాడ్స్ ఇవ్వొద్దని కొన్ని కంపెనీలు ఏజెన్సీలకు బాహాటంగానే చెప్పేవి. 1999లో ఒక అధ్యయనం దాన్ని బయటపెట్టింది. స్పానిష్ వినేవాడు పేదవాడు, కొనడు అన్న నమ్మకం దానికి మూలం. ప్రపంచ కప్‌కు పదుల కోట్ల డాలర్ల పందెం కాయడంలో ఛానెళ్ళకు ఇది కూడా ఒక ప్రయోజనం. ఆ నెల రోజులూ ఏ ఏజెన్సీ తలుపైనా తెరుచుకుంటుంది.

ఇప్పుడు ఈ కట్టడమంతా రెండు వైపుల నుంచి అరుగుతోంది. ఒకటి వయసు. ఇంట్లో స్పానిష్ మాట్లాడే హిస్పానిక్‌ల శాతం 2000లో 78 ఉంటే ఇప్పుడు 70 కిందికి దిగింది. వలసలకంటే అక్కడ పుట్టిన పిల్లలే ఎక్కువవుతున్నారు. సీరియళ్ళ ప్రేక్షకులు ఎటూ నెట్‌ఫ్లిక్స్‌కు పోతున్నారు. స్పానిష్ టీవీ చేతిలో మిగిలిన లైవ్ సరుకు వార్తలు, ఆటలు. అందుకే ఆటల ధర పెరుగుతూ పోతోంది, ప్రేక్షకులు పెరిగినందుకు కాదు, మిగతావి తరిగినందుకు.

రెండోది యాప్. 2022లో ఆపిల్ ఎమ్‌ఎల్‌ఎస్ హక్కులను పదేళ్ళకు 250 కోట్ల డాలర్లకు కొని, 2023 నుంచి ప్రతి మ్యాచ్‌నూ ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో ఒకే చోట పెట్టింది. అంతవరకు ఆ లీగ్ స్పానిష్ ప్రసారాలు యూనివిజన్‌లో వచ్చేవి. స్పెయిన్ లీగ్ లా లిగాను ఈఎస్‌పీఎన్ 2021లో ఎనిమిదేళ్ళకు రెండు భాషలూ కలిపి తీసుకుంది. యాప్‌లో భాష ఒక బటన్. ఎస్‌ఏపీ రోజుల్లాగానే, విడి స్పానిష్ యజమాని అవసరం అక్కడ లేదు. యూనివిజన్ కూడా 2022లో విక్స్ అనే సొంత యాప్ తెచ్చింది, కానీ డబ్బు ఇంకా ఎక్కువగా వచ్చేది పాత దారిలోనే, కేబుల్, లైవ్ టీవీ ప్యాకేజీల వాటాల నుంచి. 2025 సెప్టెంబరు ఆఖర్లో ఆ దారిలోనే పెద్ద గొడవ వచ్చింది. యూట్యూబ్ టీవీ యూనివిజన్ ఛానెళ్ళను అందరికీ ఇచ్చే బేసిక్ ప్యాకేజీ నుంచి తీసి, అదనంగా డబ్బు కట్టే స్పానిష్ ప్యాకేజీలో పెట్టాలనుకుంది. యూనివిజన్ దీన్ని హిస్పానిక్ పన్ను అని దుమ్మెత్తిపోసింది. బేరం తెగలేదు, ఛానెళ్ళు ఆగిపోయాయి. ఆ ఛానెళ్ళను చూసేవాళ్ళు తక్కువని యూట్యూబ్ వాదన, బేసిక్‌లో ఉంటేనే అందరి నుంచీ వాటా వస్తుందని యూనివిజన్ బాధ. ఇద్దరూ తమ లెక్క ప్రకారం సరిగ్గానే మాట్లాడారు.

పురుషుల ప్రపంచ కప్ మాత్రం ఇంకా పాత గీత మీదే ఉంది. 2026 కప్ హక్కులను ఫిఫా 2015లోనే వేలం లేకుండా ఫాక్స్‌కు, టెలిముండోకు ఇచ్చేసింది. ఖతార్ కప్‌ను నవంబరు, డిసెంబరుకు జరపడంతో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌తో ఢీకొన్న ఫాక్స్ గొడవ చేయకుండా ఇచ్చిన తాయిలంగా దాన్ని చాలా మంది చూశారు. ఈఎస్‌పీఎన్, యూనివిజన్‌లకు కనీసం బేరమాడే అవకాశం రాలేదు. 104 మ్యాచ్‌లు, అందులో మెక్సికో సొంత గడ్డ మీద ఆడేవి కూడా, అమెరికా టైమ్‌కు సరిపోయే వేళల్లో. అప్పట్లో ఎవరూ ఊహించనంత చవక బేరం టెలిముండోకు దక్కింది. మహిళల కప్ విషయంలో ఫిఫా వేరే దారి పట్టింది. 2027, 2031 కప్‌ల అమెరికా హక్కులను 2024 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌కు అమ్మింది. ఇంగ్లిష్, స్పానిష్ రెండూ ఒకే ఒప్పందంలో పోయాయి.